కారణం లేని మూడు దెబ్బలు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసానికి ఒక ఆనవాయితీ ఉంది. వక్త ఒక్క కథనే పట్టుకోవాలి. దాని ఊరూ పేరూ తేల్చాలి. సిద్ధాంతాల సంగతి తర్వాత. ఈసారి కథ వేల్స్ దేశానిది. ఇంట్లో ఊర్వశి ఉండగా, గంగ ఉండగా అంతదూరం పోవడం దేనికని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నీటిలోంచో ఆకాశంలోంచో వచ్చి మనిషిని పెళ్ళాడిన స్త్రీల కథలు చాలా దేశాల్లో ఉన్నాయి. చాలావాటిలో ఒక షరతు ఉంటుంది, దాన్ని మొగుడు తప్పుతాడు, ఆమె వెళ్ళిపోతుంది. వేల్స్ కథలో ఆ షరతు వేరు. ఇంత దూరం వెళ్ళింది దాని కోసమే.

నైరుతి వేల్స్‌లో కార్మార్థెన్‌షైర్ తూర్పు కొసన నల్లకొండ అనే పర్వతపంక్తి ఉంది. అందులో 749 మీటర్ల ఎత్తున్న పికూస్ దూ అనే శిఖరం కింద, ఎప్పుడో హిమానీనదం తొలిచిన గుంటలో, చిన్న సరస్సు ఒకటి నిలిచింది. పేరు లిన్ అ వాన్ వాఖ్. మూడువైపులా నిట్రమైన కొండచరియ, నాలుగోవైపు గొర్రెలు మేసే పచ్చిక. ఇప్పుడది జాతీయోద్యానంలో భాగం. 2023 దాకా అందరూ బ్రెకన్ బీకన్స్ అని పిలిచిన ఆ ఉద్యానం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి బన్నై బ్రఖైనియోగ్ అనే వేల్ష్ పేరునే వాడుకుంటోంది. సరస్సుకు దిగువన లాన్‌దెయిసాంట్ అనే పల్లె, కొండకు ఇంకోవైపు మద్వై అనే ఊరు. కథంతా ఈ కాస్త మేరలోనే నడుస్తుంది.

పన్నెండో శతాబ్దం చివర. వేల్స్ రాజుల పోరాటాల్లో మొగుడు చచ్చిపోయిన ఒక రైతు ఇల్లాలు బ్లాయెన్‌సౌదె అనే చోట ఒక్కగానొక్క కొడుకుతో కాపురముంటోంది. పశువులు పెరిగాయి, ఉన్న బీడు చాలలేదు. కొడుకు మందను కొండమీదికి తోలుకుపోయేవాడు. ఒకనాడు సరస్సు నీళ్ళమీద ఒక స్త్రీ కూచుని, ఆ నీళ్ళనే అద్దం చేసుకుని తల దువ్వుకుంటూ కనిపించింది. పిల్లవాడి చేతిలో అమ్మ కట్టిచ్చిన రొట్టె ఉంది. ఏం చెయ్యాలో తోచక అదే చాచాడు. ఆమె దగ్గరికొచ్చి చూసి, రొట్టె మరీ గట్టిగా కాలిందని చెప్పి మునిగిపోయింది.

అమ్మ ఆలోచించింది. మర్నాడు కాల్చని పచ్చిపిండి ఇచ్చి పంపింది. అదీ నచ్చలేదు, కానీ మునిగిపోతూ నవ్వింది. మూడోనాడు సగం కాలిన రొట్టె. ఆ రోజు పొద్దువాలేదాకా ఎవరూ రాలేదు. ఇంక ఇంటికి పోదామనుకుంటుండగా ఆవులు నీళ్ళమీద నడుచుకుంటూ వచ్చాయి, వాటి వెనక ఆమె. ఈసారి రొట్టె తీసుకుంది, అతని చెయ్యీ పట్టుకుంది. పెళ్ళికి ఒప్పుకుంటూ ఒకే మాట అడిగింది: కారణం లేకుండా మూడుసార్లు కొడితే ఆ మూడో దెబ్బతో వెళ్ళిపోతానని.

అంతటితో పెళ్ళి కాలేదు. ఆమె మళ్ళీ మునిగిపోయింది. నీళ్ళలోంచి తెల్లటి గడ్డం ముసలాయన ఒకడు, అచ్చుగుద్దినట్టున్న ఇద్దరు ఆడపిల్లలతో పైకొచ్చాడు. మా అమ్మాయిని నిజంగా ప్రేమిస్తే వీళ్ళలో ఆమె ఎవరో చెప్పమన్నాడు. కుర్రాడు నిలువునా చిక్కుకుపోయాడు. ఇద్దరిలో ఒకామె పాదం ఒక్క రవ్వ ముందుకు జరిపింది. చెప్పు కట్టుకున్న తీరు చూసి అతను గుర్తుపట్టాడు. ఇక సారె. ఊపిరి తీసుకోకుండా ఆమె ఎన్ని పశువులు లెక్కపెట్టగలిగితే అన్ని తనవి. ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, ఒకటి రెండు మూడు నాలుగు అయిదు అని ఆమె అయిదేసి చొప్పున గబగబా లెక్కపెట్టింది. గొర్రెలకొక ఊపిరి, ఆవులకొక ఊపిరి, మేకలకొకటి, గుర్రాలకొకటి. ఎన్నయితే అన్నీ సరస్సులోంచి నడిచొచ్చాయి. మామిడికాయలు పుంజీల లెక్కన ఏరినవాళ్ళకు ఈ గుంపు లెక్కలో కిటుకేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మద్వై దగ్గర ఎస్గైర్ లాయెత్దీ అనే పొలంలో కాపురం పెట్టారు. కలిసొచ్చింది. ముగ్గురు కొడుకులు పుట్టారు.

ఇక దెబ్బలు. ఇరుగుపొరుగులో ఒక పసిబిడ్డకు బాప్తిస్మం. ఆమెకు వెళ్ళడం ఇష్టం లేదు, దారి దూరమంది. గుర్రమెక్కి పోదువుగాని, పోయి తెచ్చుకోమన్నాడు. సరే, ఇంట్లో మరిచిన నా చేతితొడుగులు తెచ్చిపెట్టమంది. అతను తెచ్చేసరికి ఆమె నిలుచున్న చోటునుంచి కదల్లేదు. పద పద అంటూ సరదాగా ఆ తొడుగులతోనే భుజంమీద తట్టాడు. అది మొదటిది. రెండోది ఒక పెళ్ళిలో. అందరూ నవ్వుతుంటే ఆమె ఏడ్చింది. ఏమైందంటూ భుజం తట్టాడు. వీళ్ళ కష్టాలు ఇప్పుడే మొదలవుతున్నాయి, నీ కష్టాలూ మొదలవుతాయి అంది. ఏళ్ళు గడిచాయి. పిల్లలు ఎదిగారు. అతనికి ఆ ఒక్క దెబ్బ భయం ఎప్పుడూ ఉండేది, జాగ్రత్తగానే ఉన్నాడు. ఒక చావింట్లో అందరూ ఏడుస్తుంటే ఆమె పకపకా నవ్వింది. సిగ్గుపోతోందని, నవ్వకు నవ్వకు అంటూ చెయ్యి వేశాడు. పోయినవాళ్ళ కష్టాలు తీరాయి కనక నవ్వానంది. లేచి బయటికి నడిచింది.

ఆ తర్వాతి ఘట్టం ఈ కథలో అన్నిటికన్నా గొప్పది. ఇంటికొచ్చి ఆమె తన పశువుల్ని పిలిచింది. మచ్చల ఆవునీ బొల్లావునీ, ఒక్కోదాన్నీ రంగూ మచ్చా బట్టి పెట్టిన పేరుతో. కపిలావు, పుల్లావు, మైలావు అని మన పల్లెల్లో పిలిచినట్టే. అన్నీ తలెత్తి ఆమె వెంట నడిచాయి. అప్పటికే కోసి కొక్కేనికి తగిలించిన నల్లదూడ ప్రాణం లేచి దిగివచ్చింది. పొలంలో దున్నుతున్న నాలుగు బూడిదరంగు ఎద్దులు మెడమీది నాగలితో సహా కొండ దాటి సరస్సులో దిగాయి. ఆ నాగలి గీసిన చాలు ఇంకా కనిపిస్తుందని ఆ ప్రాంతంవాళ్ళు చూపించేవారు. మొగుడేమయ్యాడో కథ చెప్పదు. కథకు అతనితో పని అయిపోయింది.

ఇందులో మాయ ఎంత? నీటిమీద నడక, బతికొచ్చిన దూడ, అంతే. మిగతాదంతా కాపురం లెక్క. పెళ్ళికి ముందు షరతు, తండ్రి సమ్మతి, సారె, షరతు తప్పితే సారెతో సహా తిరిగిపోవడం. దీన్ని అద్భుతకథల అరలో పెట్టి వదిలేసినవాళ్ళు వేల్స్ పాత ధర్మశాస్త్రం ఒకసారి తిరగేయాల్సింది.

ఆ శాస్త్రం పదో శతాబ్దపు రాజు హవెల్ దా పేరుమీద చలామణీ అయింది. మనకు మిగిలిన చేతిరాతలు పదమూడో శతాబ్దం నుంచి దొరుకుతాయి. అందులో స్త్రీల గురించిన భాగం ఒకటి ప్రత్యేకంగా ఉంది. మొగుడు పెళ్ళాన్ని కొట్టడానికి అది మూడే కారణాలు ఒప్పుకుంది: ఇవ్వడానికి తనకు హక్కులేని వస్తువు ఇచ్చేయడం, పరాయి మగాడితో పట్టుబడటం, మొగుడి గడ్డానికి కీడు కోరి తిట్టడం. ఈ మూడు కాక ఇంకెందుకు కొట్టినా అవమానానికి పరిహారం కట్టాలి. ఈ రోజు చూస్తే ఆ మూడు మాత్రం ఎందుకుండాలనిపిస్తుంది. అది వేరే సంగతి. కానీ కారణమున్న దెబ్బ, కారణం లేని దెబ్బ అనే తేడా ఆ దేశంలో కథకుల నోటిమాట కాదు, న్యాయస్థానం మాట.

మూడు అనే లెక్కకూ అక్కడ తోడు దొరుకుతుంది. మొగుడు వేరే స్త్రీతో పట్టుబడితే మొదటిసారి పెళ్ళానికి 120 పెన్నీలు, రెండోసారి ఒక పౌను, మూడోసారి ఆమె తనదంటూ ఉన్నదేదీ పోగొట్టుకోకుండా ఇల్లు వదిలిపోవచ్చు. ఏడేళ్ళ కాపురం దాటి విడిపోతే ఆస్తి పంపకం. పందులు మొగుడికి, గొర్రెలు పెళ్ళానికి. కొడుకుల్లో పెద్దవాడూ చిన్నవాడూ తండ్రితో, నడిమివాడు తల్లితో. సరస్సు స్త్రీకి ముగ్గురు కొడుకులు. శాస్త్రం ప్రకారం ఒకడు ఆమెతో వెళ్ళాలి. ముగ్గురినీ వదిలేసి, పశువుల్ని మాత్రం నల్లదూడతో సహా తోలుకుపోయింది.

కథకు చట్టమే పుట్టుక అనడం తొందరపాటు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536లోనూ ఆ తర్వాతా వచ్చిన శాసనాలతో వేల్ష్ ధర్మశాస్త్రం అమల్లోంచి పోయింది. కథ అచ్చుకెక్కేనాటికి అది చచ్చి మూడు వందల ఏళ్ళు. అయినా ఆ కొండమీది రైతులకు పెళ్ళాం పుట్టింటి సొమ్ము పెళ్ళానిదే అన్న గుర్తు పోలేదని మాత్రం అనవచ్చు. మనకిది కొత్త కాదు. స్త్రీధనం మొగుడి ఉమ్మడి సొత్తుగా మారిపోదని 1985లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పాల్సి వచ్చింది. పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఆవు ఎవరిదన్న తగువు అంతకు ముందూ పల్లెపంచాయితీల్లో ఉన్నదే.

ఇప్పుడు మన ఊర్వశి దగ్గరికి రావచ్చు. పురూరవుడు, ఊర్వశి మాట్లాడుకునే సూక్తం ఋగ్వేదం పదో మండలంలో 95వది. దాని వెనకున్న కథ శతపథ బ్రాహ్మణంలో ఉంది. అక్కడ ఊర్వశి షరతులు పెడుతుంది. నగ్నంగా ఆమెకు కనపడకూడదన్నది అందరికీ తెలుసు. గంధర్వులు రాత్రివేళ ఆమె పొట్టేళ్ళను ఎత్తుకుపోవడం, రాజు బట్ట చుట్టుకోకుండా లేచి పరుగెత్తడం, మెరుపు మెరవడం, ఆమె మాయమవడం మన పౌరాణికులు ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ శతపథంలో ఇంకో షరతు ఉంది: తనకు ఇష్టం లేనప్పుడు పొందు కోరకూడదని. భాగవతం తొమ్మిదో స్కంధానికి వచ్చేసరికి పొట్టేళ్ళ కాపలా, నెయ్యి భోజనం, నగ్నత్వం మిగిలాయి. ఆ మాట మిగల్లేదు. పోతన గారి తెలుగు భాగవతం మీద పెరిగిన తరాలకు ఊర్వశి షరతంటే పొట్టేళ్ళే గుర్తొస్తాయి. ఆ ఒక్కటీ జారిపోవడం చిన్న నష్టం కాదు.

గంగ శంతనుణ్ణి అడిగింది తను ఏం చేసినా అడ్డుకోవద్దని, నొచ్చే మాట అనవద్దని. ఏడుగురు బిడ్డలు నీళ్ళపాలయ్యాక ఎనిమిదోవాడి దగ్గర అతను నోరు విప్పాడు. ఫ్రాన్స్‌లో లూసిన్యాన్ వంశానికి మూలపుటమ్మగా చెప్పే మెల్యుసీన్ శనివారాలు తనను చూడవద్దంది. జాన్ దరాస్ ఆమె కథను 1393 ప్రాంతంలో పుస్తకం చేశాడు. అడగకు, చూడకు. ఇలాంటి షరతుల్లో తప్పు ఎవరిదో తేలడం కష్టం. పిల్లల్ని ముంచుతుంటే అడగని తండ్రి ఉంటాడా? శంతనుడి మీద ఎవరికీ కోపం రాదు. అందుకే అవి విధివిలాసం కథలుగా మిగిలాయి. నల్లకొండ కథ అలా కాదు. ఆమె రహస్యమేదీ దాచుకోమనలేదు. చెయ్యి చేసుకోవద్దంది.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. అతను కొట్టనే లేదు కదా, తట్టాడు కదా, ఇంత చిన్నదానికి అంత శిక్షా అని. దీనికి జవాబు వెతకాలంటే కథ పాత రూపాలు చూడాలి. పన్నెండో శతాబ్దంలో వాల్టర్ మాప్ అనే పండితుడు లాటిన్‌లో రాసిన ముచ్చట్ల పుస్తకంలో ఇలాంటిదే ఒకటి ఉంది. బ్రఖైనియోగ్ సీమలోనే లాంగోర్స్ సరస్సు పక్కన గ్వెస్తిన్ అనేవాడి ఓట్స్ చేలో మూడు వెన్నెల రాత్రులు ఆడవాళ్ళు నాట్యం చేశారు. ఒకామెను పట్టుకున్నాడు. నీ కళ్ళెంతో నన్ను కొట్టిన రోజు పోతానంది. పిల్లలు పుట్టారు, ఒకరోజు కళ్ళెంతో కొట్టాడు, ఆమె పిల్లలతో సరస్సులోకి పరుగెత్తింది, ఒక్క కొడుకు మాత్రం తండ్రి చేతికి దొరికాడు. ఉత్తర వేల్స్ కథల్లో షరతు ఇనుము. ఇనుము తగలకూడదు. గుర్రాన్ని పట్టుకునే హడావుడిలో కళ్ళెం ఎగిరొచ్చి ఆమెకు తగులుతుంది. స్నోడన్ ప్రాంతంలో అలాంటి తల్లి సంతతి అని చెప్పుకున్న కుటుంబాలు ఉండేవి.

ఈ కథల్ని గుదిగుచ్చిన పెద్దమనిషి ఆక్స్‌ఫర్డ్‌లో కెల్టిక్ భాషల ఆచార్యుడు జాన్ రీస్. ఆయన రెండు సంపుటాల గ్రంథం 1901లో వచ్చింది. ఇనుము ఎరగని పాత జాతి ఒకటి కొండల్లో మిగిలిపోయిందని, ఆ గుర్తులే ఈ జలకన్యలని ఆ కాలపు పండితులు చాలామంది నమ్మారు. రీస్‌కూ ఆ వైపు మొగ్గు ఉంది. ఆయన సేకరణ అమూల్యం, ఆ ఊహ మాత్రం ఈ రోజు నిలబడదు. నీళ్ళలో పుట్టిన ప్రతి ఆడదాన్నీ ఓడిపోయిన జాతి ప్రతినిధిని చేస్తే కథలో ఉన్న కాపురం కనబడకుండా పోతుంది.

పక్కపక్కన పెడితే కనబడేది ఇది. మాప్ దగ్గర కళ్ళెం దెబ్బ నిజమైన దెబ్బ. ఉత్తరాన అది ప్రమాదం. మద్వై కథకుల దగ్గర చేతితొడుగుతో ముద్దుగా తట్టడం. అక్కడి కథకులు దెబ్బను పనిగట్టుకుని తేలిక చేశారు. అతణ్ణి దుర్మార్గుడిగా చూపితే సుఖంగా తీర్పు చెప్పి ఇంటికి పోవచ్చు. మంచివాడు, ప్రేమించినవాడు, జాగ్రత్తపడినవాడు. అయినా మూడుసార్లూ నలుగురిలో, బాప్తిస్మానికీ పెళ్ళికీ చావుకీ, ఆమె నలుగురిలా ఉండనందుకే చెయ్యి కదిలింది. మొదటి దెబ్బకే ఇది లెక్కలోకి వస్తుందని ఆమె చెప్పింది. దెబ్బో కాదో తేల్చే హక్కు ఆమెదేనని కథ ఒక్క మాటతో ఒప్పుకుంది. ఈ ఒక్క తీర్పు వల్లే ఇది ఊర్వశి కథకంటే ముందడుగు.

వెళ్ళిపోయిన తల్లి కొడుకుల కోసం తిరిగొచ్చింది. పెద్దవాడు రివల్లోన్‌కు మద్వై దాపున ఒకచోట కనిపించి, మనుషుల నొప్పి తీర్చడమే నీ పని అని చెప్పి వైద్యయోగాల సంచీ ఇచ్చింది. ఇంకోసారి ఒక లోయలో తిప్పుతూ ఏ మొక్క దేనికో చూపించింది. ఆ చోట్లకు వైద్యుల గేటు, వైద్యుల లోయ అనే అర్థం వచ్చే పేర్లు నిలిచాయి. ఇక్కడినుంచి కథ చరిత్రలోకి దిగుతుంది. రివల్లోన్, అతని కొడుకులు కద్వ్‌గన్, గ్రుఫుద్, ఐనియన్ పదమూడో శతాబ్దంలో దినెవుర్ ప్రభువు రీస్ గ్రీగ్ ఆస్థాన వైద్యులని వేల్ష్ చేతిరాతలు చెబుతున్నాయి. వాళ్ళ పేరుమీది వైద్యయోగాలు 1382 తర్వాత రాసిన హెర్గెస్ట్ ఎర్ర పుస్తకంలో ఉన్నాయి. మధ్యయుగపు వేల్ష్ సాహిత్యానికి మూలస్తంభమైన ఆ పుస్తకం ఆక్స్‌ఫర్డ్‌లో భద్రంగా ఉంది. ఆ యోగాల్లో చాలా భాగం ఆనాటి ఐరోపా అంతటా తిరిగిన లాటిన్ వైద్యంతో కలుస్తుంది. చిత్రమేమిటంటే, ఆ పాత వైద్యగ్రంథాల్లో సరస్సు స్త్రీ మాటే లేదు. వైద్యుల వంశమొకటి, జలకన్య కథ ఒకటి, రెండూ విడివిడిగా ఉండి ఎప్పుడో ముడిపడ్డాయి.

ఆ ముడి 1861లో గట్టిపడింది. ఆ ఏడాది లాండవరీ పట్నంలో మద్వై వైద్యుల గ్రంథం వేల్ష్ మూలంతో, జాన్ ప్యూ చేసిన ఇంగ్లీషు అనువాదంతో అచ్చయింది. దాని ముందుమాటలో ఈ కథ పూర్తిగా కనిపిస్తుంది. చార్లెట్ గెస్ట్ అనువదించిన మాబినోగియన్‌ను అచ్చువేసిన విలియం రీస్ 1841లో స్థానికులైన ముగ్గురు పెద్దల నోట విని దాన్ని కూర్చాడు. చెప్పినవాళ్ళ పేర్లు కూడా అందులో ఉన్నాయి. పుస్తకం రెండో భాగం మాత్రం అయోలో మోర్గాన్వగ్ కాగితాల్లోంచి వచ్చింది. ప్రాచీనమని చెప్పి తానే కల్పించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి కనక పండితులు దాన్ని ఆచితూచి వాడతారు. మద్వై గుడి వసారాలో 1719లోనూ 1739లోనూ పోయిన ఇద్దరు శస్త్రవైద్యుల సమాధి ఫలకం ఉంది. ఆ వంశపు చివరి వాళ్ళుగా స్థానికులు వాళ్ళను చూపిస్తారు. ఆగస్టు మొదటి ఆదివారం ఆమె పైకొస్తుందని పందొమ్మిదో శతాబ్దంలో జనం గుంపులుగా సరస్సు గట్టుకు ఎక్కేవారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ సరస్సుకు ఆనకట్ట కట్టి లనెల్లి పట్టణానికి మంచినీళ్ళు మళ్ళించారు. ఆ పనిలో పెట్టింది యుద్ధంలో మనుషుల్ని చంపబోమని నిరాకరించి శిక్షపడ్డ యువకుల్ని. చెయ్యి చేసుకోవద్దన్న స్త్రీ సరస్సు దగ్గరికి వాళ్ళనే పంపడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గది.

ఇక మన గడపకు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, తెలంగాణలోని ఆసిఫాబాద్ ప్రాంతం పక్కపక్కనే ఉంటాయి. చంద్రపూర్ అడవిలో ఉన్న తాడోబా చెరువు మీద ఒక కథ బ్రిటిషు కాలపు గ్రంథాల్లో నమోదయింది. విలియం క్రూక్ 1896 నాటి తన పుస్తకంలోనూ ఇచ్చాడు. చెరువు దగ్గర నిలబడి అడిగితే వంటకు కావలసిన పాత్రలు నీళ్ళమీదికి తేలి వచ్చేవి, వాడుకుని తిరిగి నీళ్ళకే అప్పగించాలి. ఎవడో ఆశపోతు వాటిని ఇంటికి పట్టుకుపోయాడు. అంతే, మళ్ళీ ఏదీ తేలలేదు. ఇదీ మాట తప్పిన కథే, ఇదీ నీటిదే. బిరుదురాజు రామరాజు గారి వంటివారు జానపద గేయాలకు చేసిన సేకరణ తెలుగులో పెద్దదే, చెరువుల కథలకు ఆ అదృష్టం పట్టలేదు.

కనక ఈ సభలో ఉన్న పరిశోధక విద్యార్థులకు ఒక్క విన్నపం. ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు ఊళ్ళలో పెద్దచెరువు ఉన్న చోటల్లా గంగమ్మ గురించి, పాత్రల గురించి, నీళ్ళలోంచి వచ్చిన కోడళ్ళ గురించి అడగండి. ముసలమ్మల్ని ముందు అడగండి. షరతు ఏమిటి, ఎవరు తప్పారు, వెళ్ళిపోయేటప్పుడు ఆమె ఏమేం తీసుకుపోయింది అన్న మూడు సంగతులూ విడిగా రాసుకోండి. కథ చెప్పినవారు ఒప్పుకుంటే వాళ్ళ పేరూ, ఊరూ, విన్న తేదీ కథ పక్కనే వెయ్యండి.